పరాయి చేతి ముద్ద

జూలై 9, 1986

ఈ బెంగాలీ ఊళ్ళో వీధిలో ఎర్రజెండాల వాళ్ళు సమ్మె కడితే, మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మిఠు కడుతుంది. వాళ్ళది "చోల్‌బే నా", అంటే సాగదని; దీనిది "ఖాబో నా". తిననంటే తినను. వాళ్ళయినా సాయంత్రానికి జెండాలు చుట్టుకుని ఇళ్ళకి పోతారు.

మిఠుకి ఐదేళ్ళు. తమ్ముడు బాపికి మూడు నిండాయి. ఇవీ ఒక పేర్లేనా! కన్నతల్లి అరుంధతికి బెంగాలీ ముద్దుపేర్లంటే సరదాట. పెంచడానికి వచ్చినదాన్ని, నేనూ ఆడపిల్లని చిలకని పిలిచినట్టే పిలవాలి.

ఇవాళ కందిపప్పు, బెండకాయ వేపుడు. మిఠు కంచం చూసి ముక్కు మూసుకుంది. బాపి కంచం వంకే చూడలేదు, అక్క మొహం చూశాడు. అది తల అడ్డంగా ఊపింది. వాడు పెదాలు బిగించేశాడు.

వాళ్ళు తినేవి చక్కెర వేసిన పాలన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప, మరమరాలు, బిస్కెట్లు. అన్నీ పాలిపోయినవే. ఇల్లంతా ఆసుపత్రి పథ్యంలా ఉంది.

ఈయన మాత్రం "మెల్లిగా అలవాటు పడతారులే ప్రసూనా" అంటూ పప్పు మారు వడ్డించుకున్నారు. శ్యామసుందర్ గారి లోకంలో అన్నీ మెల్లిగా అలవాటు పడతాయి.

జూలై 14

ఊరి నుంచి తెచ్చుకున్న వారపత్రికలో ఒక మహాతల్లి రాసింది. పిల్లలు తినకపోతే కంచంలో బొమ్మలు వెయ్యాలట. కేరట్ కళ్ళు, టమాటా నోరు, కొత్తిమీర జుట్టు. నవ్వుకుంటూ తినేస్తారట.

వేశాను. పదమూడేళ్ళు లెక్కల పాఠాలు చెప్పిన చేత్తో అన్నం మీద కళ్ళూ ముక్కూ పెట్టాను. బాపి దాన్ని చూసి గుక్క పట్టి ఏడ్చాడు. మిఠు వాడి కళ్ళు మూసి "భూతం, చూడకు" అంది. ఆ భూతాన్ని ఈయన తిన్నారు. కళ్ళతో సహా.

ఆ మహాతల్లికి పిల్లలున్నారో లేదో.

జూలై 20

ఇక్కడి వాళ్ళందరికీ నా మీద జాలి. మొదటి భార్య పోయిన ఇంటికి వచ్చానని. కింది వాటా ఘోష్ బౌది, మన వదిన అన్నట్టు, నన్ను చూసినప్పుడల్లా నాలుక చప్పరిస్తుంది. ఎందుకో మరి. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక, జాతకం చూసి వెనక్కి పోయినవాళ్ళందరూ పోయాక, ఒక మనిషి మా అన్నయ్య వరండాలో కూర్చుని "నా భార్య కామెర్లతో పోయింది. ఇద్దరు పిల్లలు. వాళ్ళని చూసుకునే మనిషి కావాలి" అని చెప్పాడు. ప్రేమ అనలేదు, ఆదర్శం అనలేదు. అబద్ధమాడలేదనే కదా ఒప్పుకున్నాను. రేవు ఆఫీసులో ఉద్యోగం, క్వార్టర్స్. నా గదికి కిటికీ ఉంది, ఓడల కూత వినిపిస్తుంది. చాలు.

పిల్లలు తింటే తింటారు, లేకపోతే లేదు. నాకేం పట్టింది!

వానలో ఖిదిర్‌పూర్ బజారుకి వెళ్ళి లేత బీరకాయలు తెచ్చాను. నాకు తినాలనిపించి.

జూలై 21

బీరకాయ పచ్చడి. ఖాబో నా.

ఆగస్టు 2

ఘోష్ బౌది ఉచిత బోధ: "పిల్లల వెనకాల పరిగెత్తాలి దీదీ, ఆటలో పెట్టి తినిపించాలి." ఆవిడ తన పుత్రరత్నం వెనకాల గిన్నె పట్టుకుని మేడ మీద గంటసేపు పరిగెడుతుంది. ఏడేళ్ళ వాడు గాలిపటం ఎగరేస్తూ నోరు తెరుస్తాడు, ఆవిడ చేప అన్నం కూరుతుంది. వాడు గున్న ఏనుగులా ఉన్నాడు, ఆవిడ పుల్లలా ఉంది. ఎవరికి తిండి అందుతోందో తెలుస్తూనే ఉంది.

ఈయన పద్ధతి ఇంకా గొప్పది. ఒక ముద్ద తింటే ఒక చాక్లెట్టు. మిఠు చాక్లెట్టు ముందు పుచ్చుకుని, ముద్ద బుగ్గన పెట్టుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి ఉమ్మి వచ్చింది. ఈయన "చూశావా, తింది!" అని నా వంక గెలిచినట్టు చూశారు. నేను స్నానాల గది కడిగాను.

ఆగస్టు 11

బాపిని డాక్టరుకి చూపించాం. కనురెప్పలు లాగి చూసి, పక్కటెముకల మీద వేలు ఆడించి, "తల్లి ఏం పెడుతోంది?" అని ఈయన్ని అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఈయన ఏదో గొణిగారు. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు, పప్పు పెట్టాలి, ఇలాగే ఉంటే వచ్చే జ్వరం తట్టుకోలేడు అన్నాడు. ఒక టానిక్ రాశాడు.

ఇంటికొచ్చేదాకా వాడు నా భుజం మీదే నిద్రపోయాడు. ట్రాములో పక్కావిడ "ఎంత తేలిగ్గా ఉన్నాడో" అంది. మెచ్చుకోలు అనుకుంది కాబోలు. మోసేదాన్ని నేను, నాకు తెలియదూ!

ఆగస్టు 12

ఇవాళ పంతం పట్టాను. బచ్చలికూర పప్పు కలిపి, తినేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదన్నాను. మిఠు చేతులు కట్టుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. అన్నం ఎండిపోయింది. బాపి అక్కని చూశాడు, నన్ను చూశాడు. నేను వాడి దవడలు నొక్కి ఒక ముద్ద పెట్టాను. మింగాడు. వెంటనే అంతా కక్కేశాడు, పొద్దున తాగిన పాలతో సహా.

మిఠు లేచి వాడి మూతి తన గౌనుతో తుడిచింది. నా వంక చూసింది. ఐదేళ్ళ పిల్ల అలా చూడకూడదు.

వంటమనిషీ పనిమనిషీ అన్నీ అయిన తవిటమ్మ నేల తుడుస్తూ, "ఒగ్గీండమ్మా. ఏటిసేత్తాం. మా గుంటలు ఏటెడితే అది తింటాయి, ఈల మనసులో ఏటుందో" అంది. కార్పొరేషన్‌లో వీధులూడ్చే మొగుడూ, నలుగురు పిల్లలూ ఉన్న మనిషి. నాకు చెప్పడానికి అందరూ పండితులే.

ఆగస్టు 13

ఏమీ వండలేదు. తలనొప్పి.

ఆగస్టు 29

పాలన్నం. బిస్కెట్లు. పాలన్నం. టానిక్ సీసా సగమైంది. అది మాత్రం తాగుతారు. మందు కాబట్టి తాగొచ్చట, మిఠు బాపికి చెబుతోంది. అంటే ఏది తినొచ్చో ఏది కూడదో ఒక శాస్త్రం ఉందన్నమాట. దాని కర్తకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు.

సెప్టెంబరు 7

మధ్యాహ్నం బట్టలు తీయడానికి వరండాలోకి వెళ్ళాను. తలుపు వెనకాల ఇద్దరూ బొమ్మ గిన్నెలతో ఆడుకుంటున్నారు. బాపి చేతిలో అరటిపండు ముక్క ఉంది. నేను పొద్దున బల్ల మీద పెట్టి ఊరుకున్నది. వాడు దాన్ని నోటిదాకా తెచ్చుకున్నాడు. మిఠు లాక్కుంది.

"తినకు. అది ఆవిడ పెట్టింది."

"ఆకలి" అన్నాడు వాడు.

"ఆవిడ పెట్టింది తింటే అమ్మ రాదు. నాన్న చెప్పారు. అమ్మ వచ్చి పెడుతుంది."

బాపి అక్క చేతిలోని ముక్క చూశాడు. "రేపా?"

"దుర్గమ్మ పూజకి. కొత్త గౌను వేసుకుంటాను కదా, అప్పుడు."

వాడు బొమ్మ గిన్నెలో ఉత్తుత్తి అన్నం కలిపి అక్క నోటికి పెట్టాడు. అది చక్కగా నమిలి మింగింది.

నేను బట్టలు తియ్యకుండానే వచ్చేశాను. వాన పడింది. అన్నీ తడిశాయి.

సెప్టెంబరు 8

అడిగాను. పిల్లలు తవిటమ్మతో కిందికి వెళ్ళాక, ఈయన పేపరు తెరిచిన వేళ చూసి.

"వాళ్ళమ్మ పోయిందని పిల్లలకి చెప్పలేదా?"

పేపరు మడిచారు. "చెప్పాలి. సమయం చూసి..."

"ఇప్పటిదాకా ఏమని చెప్పారు?"

"ఆసుపత్రిలో ఉందని. తర్వాత ఊరెళ్ళిందని. వచ్చేస్తుందని."

"మరి నేనెవరిని?"

"పిన్నివి."

"పిన్ని అంటే? అమ్మ ఊరి నుంచి వచ్చేదాకా వండిపెట్టే మనిషా?"

కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నా చేతి ముద్ద తింటే అమ్మ రాదని ఎవరు నేర్పారు?"

అప్పుడు నెమ్మదిగా బయటికొచ్చింది. అరుంధతిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు మిఠు అన్నం తిననని ఏడ్చిందట. ఈయన బుజ్జగించడానికి, "సరే, పాలన్నం, దుంప, బిస్కెట్లు చాలు. మిగతావి ఇంకెవరూ పెట్టొద్దు, అమ్మే వచ్చి పెడుతుంది, అప్పుడు తిందువుగాని" అన్నారట. పిల్ల ఊరుకుందట. దీపావళి దాటింది, ఆవిడ పోయింది, ఏడాది కాకుండానే నేనొచ్చాను. ఆ మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"పసిపిల్లలు ప్రసూనా. వాళ్ళకేం అర్థమవుతుంది?"

"అర్థం కాకేనా ఇన్నాళ్ళు నోరు కట్టుకుని కూర్చున్నారు?"

"నావల్ల కాదు" అన్నారు. "దాని మొహం చూసి ఆ మాట అనడం నావల్ల కాదు."

మా అన్నయ్య వరండాలో ఎంత బాగా అన్నారో. పెద్దవాళ్ళకి నిజం చెప్పడం తేలిక, వాళ్ళు ఎదురు ఏడవరు.

తవిటమ్మకీ తెలుసట. "బాబుగోరు సెప్పొద్దన్నారమ్మా" అంది. ఘోష్ బౌదికీ తెలుసు. ఆ నాలుక చప్పరింపు దేనికో ఇప్పుడు తెలిసింది. తెలియంది ఇద్దరు పిల్లలకీ, ఒక లెక్కల టీచరుకీ.

సెప్టెంబరు 21

మీరు చెప్పకపోతే నేను చెబుతానన్నాను. "పూజ కానియ్యి" అన్నారు. అన్నీ పూజ కానియ్యాలి ఈ ఊళ్ళో. గోడకి సున్నం, పంపుకి మరమ్మతు, చావు కబురు.

సెప్టెంబరు 27

ఖరగ్‌పూర్ నుంచి కనకవల్లి గారు ఈయన ఆఫీసుకి ఫోను చేశారట. అరుంధతికి అక్క. పూజ సెలవులకి వచ్చి పిల్లల్ని తీసుకుపోతారట. "కొన్నాళ్ళు" అన్నారట. బాపి చిక్కిపోయాడని ఎవరో చేరవేశారట, సవతి తల్లి కడుపు మాడుస్తోందని.

మంచిదే. నాకు పీడా వదులుతుంది. పొద్దున లేచి పుస్తకం చదువుకుంటాను. బంగాళాదుంప ఉడకబెట్టే పని ఉండదు.

అక్టోబరు 6

పిల్లల పెట్టె సర్దాను. మిఠు కొత్త గౌను, బాపి నిక్కర్లు. బాపి ఉన్ని టోపీ కనపడలేదు. ఖరగ్‌పూర్‌లో చలి మొదలైతే వాడి చెవులు నొప్పెడతాయి. టోపీ దొరక్కుండా ఎలా పంపడం?

టోపీ నా బీరువాలో ఉందని తెలుసు. వెతకలేదు.

అక్టోబరు 8

కనకవల్లి గారు పొద్దున బండికి దిగారు. నేను ఆవిడ చెల్లెలి స్థానంలో వచ్చాను కాబట్టి "అక్కయ్యగారూ" అనాలి. అన్నాను. ఆవిడ నన్ను చూడకుండా లోపలికి వచ్చి, పిల్లల్ని రెండు చంకలా కావలించుకుని, "ఎముకలు తగులుతున్నాయి మరిదిగారూ" అని ఏడ్చారు.

స్టీలు కారియరు విప్పారు. పులిహోర, సేమ్యా పాయసం, వంకాయ కారం పెట్టిన కూర. మిఠు వాసన చూసింది. మొహం మారిపోయింది. ఆవిడ కలిపి నోటికిస్తే నోరు తెరిచింది! వంకాయ తింది! బాపి అక్కని చూసి, రెండు చేతులా పాయసం తిన్నాడు. ఇల్లంతా చూస్తోంది. తవిటమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుంది. ఈయన కూడా.

"అరుంధతి చెయ్యీ నా చెయ్యీ ఒకటే. మా అమ్మ నేర్పిన వంట" అన్నారు కనకవల్లి గారు. "పిల్లలు తిండి ఎగ్గొట్టేవాళ్ళు కారు. పెట్టే మనిషిని బట్టి ఉంటుంది." ఆ మాట నా కోసం. వంకాయలో ఉప్పెక్కువైంది, అది ఎవరూ అనలేదు.

పెట్టె గుమ్మం దగ్గర పెట్టారు. మిఠు కొత్త గౌను వేసుకుని వచ్చింది. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "మీ ఇంట్లో ఉందా అమ్మ?" అని అడిగింది.

ఈయన కిటికీలోంచి వీధి చూస్తున్నారు. కనకవల్లి గారు దాని గౌను సర్ది, "నువ్వు బాగా తింటే వస్తుందమ్మా" అన్నారు.

"ఎప్పుడు?"

"వస్తుంది. ముందు నువ్వు రా తల్లీ."

ఇంకో ఏడాది. ఇంకో ఊళ్ళో, ఇంకో బల్ల దగ్గర, ఇంకో అబద్ధం నమిలి మింగుతూ.

నేను వెళ్ళి దాని ముందు కింద కూర్చున్నాను. "మిఠూ, మీ అమ్మ రాదు. మీ అమ్మకి జబ్బు చేసింది. ఆసుపత్రిలో డాక్టర్లు మందులిచ్చారు, తగ్గలేదు. చచ్చిపోయింది. చచ్చిపోయినవాళ్ళు ఎవరూ రారు. నువ్వు తిన్నా రాదు, తినకపోయినా రాదు. నువ్వేం తప్పు చెయ్యలేదు."

"ఓసి రాక్షసీ!" అన్నారు కనకవల్లి గారు.

మిఠు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా?"

ఆయన తిరగలేదు. భుజాలు కదులుతున్నాయి. పిల్లకి అదే జవాబైంది.

అరిచింది. నన్ను కొట్టింది, తన్నింది, నా చెయ్యి పట్టుకుని కొరికింది. నెత్తురొచ్చేదాకా వదల్లేదు. నేను చెయ్యి తీసుకోలేదు. ఇన్నాళ్ళకి నాది ఒకటి నోట్లో పెట్టుకుంది.

కనకవల్లి గారు ఎత్తుకోబోతే దూరంగా తోసేసింది. "నువ్వు వస్తుందన్నావు. నేను రాను. మీ ఇంట్లో లేదు." మంచం కిందికి దూరింది. బాపి ఏం జరిగిందో తెలియక, అక్క దూరిందని తనూ దూరాడు.

సాయంత్రం బండికి కనకవల్లి గారు ఒక్కరే వెళ్ళారు. గుమ్మం దగ్గర ఆగి, "దీని ఉసురు నీకు తగుల్తుంది" అన్నారు. కారియరు మరిచిపోయారు. పులిసిన కూర వాసన వస్తుంటే తవిటమ్మ కడిగి బోర్లించింది.

అక్టోబరు 9

ఏమీ తినలేదు. పాలు కూడా.

అక్టోబరు 10

వీధి చివర పందిరిలో డప్పులు. ఊరంతా కొత్త బట్టలు. మిఠు మంచినీళ్ళు తాగింది. ఈయన నాతో మాట్లాడటం లేదు. ఇన్నాళ్ళు పిల్లలతో మాట్లాడలేదు, ఇప్పుడు నాతో. ఎవరో ఒకరితో మానాలి కదా.

దానికేమైనా అయితే? ఆ మాట అన్నది రాక్షసే అయితే రాక్షసే. అయినా దానికేమైనా అయితే?

అక్టోబరు 11

పొద్దున వంటింట్లోకి వచ్చి నిలబడింది. మొహం ఇంత చిన్నదైపోయింది. నేను కూర తరుగుతున్నాను.

"చచ్చిపోతే ఆకలేస్తుందా?"

"వెయ్యదు."

"నొప్పి?"

"ఉండదు."

"ఎక్కడ పెట్టారు?"

"గంగ ఒడ్డున. దహనం చేశారు."

"మంటలోనా? కాల్లేదా అమ్మకి?"

"చచ్చిపోయినవాళ్ళకి తెలియదు."

"నువ్వు చూశావా?"

"లేదు. మీ నాన్న చూశారు. నాన్ననడుగు."

వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళలేదు. చాలాసేపటికి తొంగి చూస్తే ఈయన నేల మీద కూర్చుని ఉన్నారు, అది ఒళ్ళో ఉంది, బాపి వీపు మీద ఎక్కాడు. ఈయన చెబుతున్నారు. ఏడుస్తూనే చెబుతున్నారు. ఏడ్చేది ముందే ఏడ్చి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

సాయంత్రం మిఠు పాలన్నం తింది. బాపి పప్పన్నం తిన్నాడు. ముందు అక్క వైపు చూశాడు. అది తల ఏ పక్కకీ ఊపలేదు.

అక్టోబరు 13

దుర్గ బొమ్మల్ని గంగలో కలపడానికి లారీల మీద తీసుకెళ్తుంటే పిల్లలిద్దరూ మేడ మీంచి చూశారు. ఘోష్ బౌది నా నుదుటికి సిందూరం పూసి, మిఠాయి నోట్లో కుక్కింది. తియ్యదనానికి పళ్ళు జివ్వుమన్నాయి. బాపి ఆవిడ దగ్గర రెండోది అడిగి పుచ్చుకున్నాడు. వాడికి మర్యాద నేర్పాలి.

కనకవల్లి గారు మళ్ళీ ఫోను చేశారట. ఈయన "పిల్లలు ఇక్కడే ఉంటారు వదినగారూ" అన్నారట. తనే చెప్పారు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

పెట్టెలో బట్టలు తీసి బీరువాలో సర్దాను.

అక్టోబరు 17

పొట్లకాయ, పెసరపప్పు వేసి కూర. పిల్లల కంచాల్లో ఒక్కో చెంచాడు పక్కన వేసి ఊరుకున్నాను. తినమనలేదు. బతిమాలలేదు. అలిసిపోయాను.

ఈయన రెండు వాయిలు తిన్నారు. "బాగుంది ప్రసూనా" అన్నారు. రోజూ అంటారు.

మిఠు వేలితో ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నోట్లో పెట్టుకుంది. నేను మజ్జిగ గిన్నె వైపు చూస్తున్నాను. అది నమిలింది. మింగింది. మొహం ముడుచుకుంది.

"ఇందులో ఉప్పు లేదు" అంది.

ఈయన "అలా అనకూడదమ్మా" అన్నారు.

నేను రుచి చూశాను. నిజంగానే లేదు. వెయ్యడం మర్చిపోయాను. ఆ మనిషి రెండు వాయిలు తిన్నాడు.

"అవును, వెయ్యలేదు" అన్నాను.

మిఠు ఇంకో ముక్క తీసుకుంది. "రేపు వెయ్యి" అంది.

వేస్తానన్నాను.